కామారెడ్డి–ఎల్లారెడ్డి విహార సీమ

కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణాల చుట్టూ మంజీర నది దాకా పరుచుకున్న చెరువులు, అడవులు, పాత కోటల ప్రాంతం ఇది. పోచారం చెరువు, దాన్ని ఆనుకుని ఉన్న అభయారణ్యం, నిజాంసాగర్ జలాశయం, దోమకొండ గడికోట ఇక్కడ ముఖ్యంగా చూడదగ్గవి. ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం 2016 అక్టోబరు 11న నిజామాబాదు నుంచి విడిపోయి ఏర్పడిన కామారెడ్డి జిల్లాలోకి వస్తుంది. మెదక్ చర్చి, ఏడుపాయల గుడి పక్క జిల్లావి. అయినా వాటిని వదిలేసి ఈ ప్రాంతం గురించి చెప్పడం కుదరదు. పోచారం కట్ట మీద నిలబడ్డవాళ్లకు కామారెడ్డి కన్నా మెదక్కే దగ్గర.

నీటి ఒడ్డున బంగ్లాలు ఇక్కడ దాదాపు నూరేళ్ల నుంచి ఉన్నాయి. జనం సెలవులు గడపాలని మాత్రం వాటిని ఎవరూ కట్టలేదు. అవి దొరల కోసం, అధికారుల కోసం, ఇంజనీర్ల కోసం కట్టినవి. అందుకే ఇక్కడి విహారానికి మొదటి నుంచీ ఒకటే తీరు. పొద్దున్నే సామాన్లతో దిగుతారు, నీళ్లు చూస్తారు, చెట్టు కింద పొయ్యి పెట్టి వండుకు తింటారు, పొద్దుగూకేలోపు బండెక్కుతారు. రాత్రి బస అరుదు. పర్యాటక పుస్తకాలు దీన్ని లోటుగా రాస్తాయి. అది పూర్తిగా సరైన అంచనా కాదు.

పేర్లు, పొరపాట్లు

కామారెడ్డి, ఎల్లారెడ్డి, రామారెడ్డి అన్న ఊరిపేర్లు దోమకొండ సంస్థానాన్ని ఏలిన కామినేని వంశం వాళ్ల పేర్లేనని స్థానికుల మాట. ఈ వంశానికి పాత రాజధాని బిక్కనవోలు, అంటే నేటి భిక్కనూరు. ‘షట్చక్రవర్తి చరిత్ర’ రాసిన కామినేని మల్లారెడ్డి ఈ వంశపువాడే. కొత్తగా వచ్చేవాళ్లు చూసుకోవలసింది ఇంకొకటుంది. కామారెడ్డికి ఉత్తరాన జాతీయ రహదారి వైపు సదాశివనగర్ మండలంలో అడ్లూర్ ఎల్లారెడ్డి అని వేరే ఊరుంది. పోచారం, నిజాంసాగర్ వెళ్లాలంటే కావలసింది అది కాదు, కామారెడ్డికి నైరుతి దిక్కున ఉన్న రెవెన్యూ డివిజన్ కేంద్రం ఎల్లారెడ్డి. ఫోనులో దారి చూసుకుంటూ వచ్చేవాళ్లు ఈ రెండింటి మధ్య తడబడితే సగం పూట దారిలోనే పోతుంది.

పోచారం

నాగిరెడ్డిపేట మండలంలోని పోచారం ఈ ప్రాంతానికి నడిబొడ్డు. మంజీర ఉపనది అయిన ఆలేరు వాగు మీద 1916లో పని మొదలుపెట్టి 1922లో కట్ట పూర్తి చేశారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలన తొలి దశలో వచ్చిన సాగునీటి పనుల్లో ఇదొకటి. కట్టినప్పుడు సుమారు 2.4 టీఎంసీల నీరు పట్టేది. పూడిక చేరి ఇప్పుడు 1.8కి దిగింది. ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట మండలాల్లో పదివేల అయిదు వందల ఎకరాల ఆయకట్టు దీన్నే నమ్ముకుని ఉంది.

చూడ్డానికి వచ్చేవాళ్లను లాగేది మాత్రం చెరువు నిండిన తర్వాతి దృశ్యం. పోచారానికి గేట్లు లేవు. లింగంపేట, గాంధారి వైపు వాగులు పొంగి చెరువు నిండితే మిగులు నీరు రాతి మత్తడి మీదుగా తనంతట తాను దిగుతుంది. “మత్తడి దుంకుతోంది” అన్న కబురు చేరితే చాలు, ఆ ఆదివారం మెదక్ వైపు నుంచి, కామారెడ్డి వైపు నుంచి బండ్లు బారులు తీరుతాయి. గేట్లెత్తే ప్రాజెక్టు దగ్గర చూడ్డానికి ఒక అధికారి నిర్ణయం కావాలి. ఇక్కడ వాన పడితే చాలు. జనానికి పోచారం మీద ఉన్న చనువుకు ఇదొక కారణం కావచ్చు.

ఆ చనువే ప్రమాదం కూడా. మత్తడి కింది రాళ్లకు పాచి పట్టి ఉంటుంది. ఎగువన ఎక్కడో వాన పడి ప్రవాహం ఒక్కసారిగా పెరిగితే, నడుముల్లోతు నీళ్లలో నిలబడి ఫోటోలు దిగుతున్నవాళ్లకు ఒడ్డు చేరే వ్యవధి ఉండదు. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో ఈ కట్ట తన చరిత్రలోనే పెద్ద పరీక్షను ఎదుర్కొంది. రాజంపేట మండలంలో ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు మించి వాన కురిసింది. పోచారంలోకి లక్షన్నర క్యూసెక్కులకు పైగా వరద వచ్చి పడింది. కట్టినప్పుడు లెక్కగట్టిన సామర్థ్యం దాదాపు డెబ్బై వేల క్యూసెక్కులే. పక్కన మట్టి కొట్టుకుపోయింది, దిగువ ఊళ్లు ఖాళీ చేయించారు, అయినా నూరేళ్లు దాటిన రాతికట్ట నిలబడింది. అదే వానకు భిక్కనూరు–తలమడ్ల మధ్య రైలుకట్ట కింద మట్టి కోసుకుపోయి రైళ్లు ఆగిపోయాయి, హైవే తెగింది. అప్పటి నుంచి పోచారానికి వచ్చేవాళ్లలో కొందరు నీళ్లతో పాటు ఆ రాతికట్టడాన్ని కూడా చూసిపోతున్నారు.

అభయారణ్యం

చెరువుకు ఆనుకుని కామారెడ్డి, మెదక్ జిల్లాల్లో సుమారు 130 చదరపు కిలోమీటర్లు పరుచుకున్న అడవి ఒకప్పుడు నిజాం వేటాడిన చోటు. హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన నాలుగేళ్లకు, 1952లో, దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. దుప్పి, కణితి, కృష్ణజింక, మనుబోతు, నాలుగు కొమ్ముల జింక, అడవిపంది, ఎలుగుబంటి, చిరుత ఇక్కడ ఉన్నాయి. ఒక్క రోజుకు వచ్చినవాళ్లకు చిరుత కనబడుతుందని ఆశపెట్టడం మోసం. నమ్మకంగా కనబడేవి మెదక్ దారివైపు ఉన్న జింకల పెంపకం కేంద్రంలోని జింకలు. పిల్లలతో వచ్చిన కుటుంబాలు ఎక్కువగా అక్కడే ఆగుతాయి.

అసలు సరుకు పక్షులు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చెరువు నీళ్లు మెల్లగా తీస్తూ ఉంటే బయటపడే బురదగట్ల మీద బ్రాహ్మణి బాతులు, హిమాలయాలు దాటి వచ్చే బార్ హెడెడ్ గూస్ బాతులు దిగుతాయి. నత్తలు ఏరుకుతినే గుల్లకొంగలు ఇక్కడివే. పక్షుల కోసం వచ్చేవాళ్లకు వానాకాలపు జాతర పనికిరాదు. వాళ్ల రోజులు చలికాలం వారం మధ్య రోజులు, అదీ పొద్దు పొడిచే వేళ.

ఇది వన్యప్రాణి చట్టం వర్తించే అడవి కాబట్టి లోపలికి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. నిప్పు రాజేయకూడదు, పాటలు పెట్టకూడదు, చీకటి పడ్డాక ఉండకూడదు. పొయ్యి పెట్టి వండుకునే ఆచారానికీ ఈ నియమానికీ కట్ట మీద తరచూ గొడవ. చట్టం వైపే న్యాయం ఉంది. ఎండాకాలంలో తునికాకు సేకరణకు అడవిలోకి వెళ్లే తండాల జనానికి తెలిసినంతగా పట్నం నుంచి వచ్చినవాళ్లకు అడవి మంట సంగతి తెలియదు.

నిజాంసాగర్

పోచారం ఆత్మీయత వేరు, నిజాంసాగర్ హోదా వేరు. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో బాలాఘాట్ కొండల్లో పుట్టి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసే మంజీర మీద అచ్చంపేట, బంజేపల్లి గ్రామాల మధ్య 1923 నుంచి 1931 దాకా దీన్ని కట్టారు. రూపకర్త హైదరాబాద్ సంస్థానపు చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి వచ్చినవాడు. ఆయన పుట్టినరోజు జులై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతోంది. జలాశయం కోసం సుమారు నలభై ఊళ్లు ఖాళీ చేశాయి. మూడు కిలోమీటర్ల కట్ట మీద బండి పోయేంత దారి ఉంది. ఆ దారి పొడుగునా ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క తోటలు, కాలువలు.

కట్టినప్పుడు దాదాపు 30 టీఎంసీలు పట్టిన జలాశయం పూడికతో చిక్కిపోయి ఇప్పుడు 17.8 టీఎంసీల దగ్గర ఉంది. అనుకున్న ఆయకట్టు 2.75 లక్షల ఎకరాలు. కాలువ నీళ్లను నమ్ముకుని కోస్తా జిల్లాల నుంచి రైతులు తరలివచ్చారు. బాన్సువాడ, వర్ని, కోటగిరి చుట్టుపక్కల ‘క్యాంపు’ అన్న పేరు తగిలించుకున్న ఊళ్లు వాళ్లవే. ఆ ఊళ్లలో తిండి, మాట రెండూ కాస్త వేరు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కూడా ఈ నీటి మీదే బతికింది. ఎగువన సింగూరు ప్రాజెక్టు వచ్చాక నిజాంసాగర్‌కు చేరే నీరు తగ్గింది. కరువు ఏళ్లలో జలాశయం అడుగు నెర్రెలిచ్చి పశువులు మేసే బయలైంది. 2021 ఏప్రిల్‌లో కొండపోచమ్మ సాగర్ నుంచి హల్దీ వాగు మీదుగా గోదావరి నీళ్లు మంజీరలోకి వదిలినప్పుడు, ఎండాకాలంలో పారే వాగును చూడ్డానికే జనం ఒడ్డెక్కారు. ఈ చరిత్ర ఎందుకంటే, నిజాంసాగర్‌కు వెళ్లే తేదీని పంచాంగం చూసి కాదు, నీటిమట్టం చూసి పెట్టుకోవాలి. గేట్లెత్తేది మామూలుగా ఆగస్టు, అక్టోబరు మధ్య. కొన్నేళ్లు అసలు ఎత్తరు.

ఇక్కడ చేసే పనులు తక్కువే, కానీ నింపాదిగా చేసేవి. కట్ట మీద సాయంత్రం నడక, గుండ్రటి పాత విడిది అయిన గోల్ బంగ్లా చూడ్డం, కాలువ గట్ల మీద సైకిలు. ఆ తర్వాత చేపలు. బొచ్చె, రవ్వ దొరికినా, అడిగి మరీ కొనేది కొర్రమట్ట, తెలంగాణ రాష్ట్ర చేప. ఈత కొట్టకపోవడమే మంచిది. మంజీరలో మొసళ్లున్నాయి, లోతు అంచనాకు అందదు.

విడిది సంగతి

ఇక్కడ రాత్రి బస అరుదన్న మాటను ఇంకో చోటుతో పోల్చి చూద్దాం. ఉత్తర ఇంగ్లండులో జలాశయాల పక్కన సెలవు విడిదులు ఒక పెద్ద వ్యాపారం. నార్తంబర్లాండ్‌లోని కీల్డర్ జలాశయాన్ని 1982లో ఎలిజబెత్ రాణి ప్రారంభించింది. నీటి పరిమాణం లెక్కన అది బ్రిటన్‌లోకెల్లా పెద్ద కృత్రిమ జలాశయం. అయితే మన లెక్కలో అది దాదాపు 7 టీఎంసీలే, ఇప్పటి నిజాంసాగర్‌లో సగానికన్నా తక్కువ. దాని ఒడ్డున చెక్క ఇళ్లు వారానికి అద్దెకిస్తారు. చుట్టూ నడకదారి, సైకిలు బాట, పడవలు ఉన్నాయి. రాత్రి నక్షత్రాలు చూడ్డానికి వేధశాల కూడా ఉంది. 2013లో ఆ సీమను చీకటి ఆకాశపు ఉద్యానంగా గుర్తించారు. వారం రోజుల అద్దె కట్టినవాళ్లకు ఏడు రోజులూ ఏదో ఒక పని చూపించాలి కాబట్టి అక్కడ ప్రతి వాగుకూ, ప్రతి గుట్టకూ ఒక పటం, ఒక పలక.

ఎల్లారెడ్డి పక్క సంగతి వేరు. పోచారం, నిజాంసాగర్ ఒడ్డున ఉన్న పాత బంగ్లాల్లో గది దొరకాలంటే సర్కారీ సిఫారసు దారి. మామూలు మనిషి బస చేసేది కామారెడ్డిలో రైల్వే స్టేషను, బస్టాండు చుట్టుపక్కల లాడ్జీల్లో, లేదా మెదక్‌లో. పోచారం గట్టున చెక్క ఇళ్లు కడితే పర్యాటకం పెరుగుతుందన్న మాట ప్రతి ప్రభుత్వంలోనూ వినబడేదే. అభయారణ్యం అంచున రాత్రి దీపాలు, జనరేటర్లు, ప్లాస్టిక్ పెరిగితే చలికాలం బాతులు ఉంటాయా అన్నది తేల్చుకున్నాకే ఆ మాట ఎత్తాలి. ముందు కావలసినవి మరుగుదొడ్లు, చెత్తకుండీలు, మత్తడి దగ్గర హెచ్చరిక తాడు. వాటికి ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

వంట, మొక్కు

ఈ సీమలో విహారానికి అసలు కేంద్రం పొయ్యి. కార్తీక మాసంలో వనభోజనాలు, బోనాల తర్వాత దావతులు, పంట ఇంటికి చేరాక చుట్టాలతో ఒక పూట. కోడి, బియ్యం, బగార మసాలా, పెద్ద గిన్నె, కట్టెలు, పాత జంపఖానా సర్దుకుని ట్రాలీ ఆటోలో వచ్చే కుటుంబాలను ఏ ఆదివారమైనా చూడవచ్చు. దీన్ని ఉత్త సరదా అనలేం. మొక్కు తీర్చుకోవడం, చుట్టరికం నిలుపుకోవడం, పిల్లలకు నీళ్లు చూపించడం మూడూ ఒక్క ఖర్చులో జరిగిపోతాయి.

ఏడుపాయలలో ఇది పూర్తి రూపంలో కనబడుతుంది. మెదక్ జిల్లా పాపన్నపేట మండలం నాగ్సాన్‌పల్లి దగ్గర మంజీర ఏడు పాయలుగా చీలిన చోట వనదుర్గ అమ్మవారి గుడి ఉంది. పైన ఘనపురం ఆనకట్ట. పొంగిన ఏళ్లలో నది గుడిలోకే వస్తుంది, దర్శనం ఆపేస్తారు. మహాశివరాత్రికి జరిగే జాతరకు కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు నుంచీ లక్షల్లో వెళ్తారు. మిగతా రోజుల్లో మొక్కున్నవాళ్లు రాళ్ల మధ్య మేకను కోసి, అక్కడే వండి, వచ్చినవాళ్లందరికీ పెడతారు. ఇంకో దిక్కున బాన్సువాడ దాటాక వర్ని మండలం జలాల్‌పూర్ దగ్గరి బడాపహాడ్ దర్గాలోనూ ఇదే పద్ధతి. సయ్యద్ సాదుల్లా హుస్సేనీ సమాధి ఉన్న ఆ గుట్ట కింద హిందువులు, ముస్లింలు కందూరు చేస్తారు. పాయల దగ్గరైనా గుట్ట కిందైనా పొయ్యి రాళ్లు నల్లబడి కనబడతాయి. ఆకులు, సీసాలు కూడా అక్కడే వదిలేసి పోవడం ఈ మంచి ఆచారానికి పట్టిన చీడ.

దారిలో దొరికే తిండి కాలాన్ని బట్టి మారుతుంది. వానాకాలంలో నిప్పుల మీద కాల్చిన మక్కకంకులు, దసరా ముందు నుంచి సీతాఫలాలు, ఎండాకాలంలో తాటిముంజలు, కల్లు. కామారెడ్డి ఒకప్పుడు బెల్లం మార్కెట్టుకు పేరుపడ్డ ఊరు. చెరకు ఫ్యాక్టరీలకు మళ్లాక ఆ జోరు తగ్గింది.

కోటలు

దోమకొండ గడికోట కామారెడ్డికి తూర్పున ఉంది. కామినేని వంశం కట్టిన ఈ కోటలో దక్కను కట్టడపు పద్ధతి, యూరపు తరహా సున్నపు పనులు పక్కపక్కనే కనబడతాయి. లోపలి మహాదేవుని గుడి కాకతీయుల కాలపు శైలిలో నల్లరాతితో ఉంది. శిథిలమైన కోటను వారసులు సొంత పూనికతో బాగుచేయించారు. ఆ పనికి 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం దక్కింది. తెలంగాణ గడీలు ఎక్కువగా కూలిపోయాయి, లేదా స్కూళ్లు, పోలీసు ఠాణాలు అయ్యాయి. గడి అనగానే ఈ జిల్లా పల్లెల్లో వెట్టిచాకిరీ జ్ఞాపకం కూడా లేచివస్తుంది. దాన్ని పక్కన పెట్టి గోడల అందం ఒక్కటే చూసిపోవడం సగం చూడ్డమే.

కౌలాస్ కోట జుక్కల్ మండలంలో మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దుల దాపున ఉంది. ఎన్నో వంశాల చేతులు మారి చివరకు రాజపుత్ర రాజుల కిందికి వచ్చింది. 1857 తిరుగుబాటు తర్వాత నానాసాహెబ్ తరఫున నిజాం రాజ్యంలో జనాన్ని కూడగట్టిన పట్వారీ రంగారావుకు తోడు నిలిచాడని కౌలాస్ రాజా దీప్‌సింగ్ శిక్ష అనుభవించాడు. రంగారావును అండమాన్ పంపారు. కోట బురుజులు, ఫిరంగులు, కింద కౌలాస్ నాలా జలాశయం చూడ్డానికి ఒక పూట సరిపోదు. ముళ్లపొదలు తెగ పెరిగి ఉంటాయి కాబట్టి బూట్లు వేసుకుని, తెలిసిన ఊరివాళ్లను తోడు తీసుకుని ఎక్కాలి.

ఎల్లారెడ్డి దారిలో లింగంపేట దగ్గర నాగన్న బావి ఉంది. పూడుకుపోయిన ఈ మెట్లబావిని ఈమధ్య శుభ్రం చేసి బాగుచేశారు. కామారెడ్డి దగ్గర ఇసన్నపల్లి కాలభైరవస్వామి, భిక్కనూరు సిద్ధరామేశ్వరుడు, బీర్కూరు మండలం తిమ్మాపూర్ వేంకటేశ్వరుడు భక్తుల దారిలో ఉన్న గుళ్లు. కాలభైరవుడి ఉత్సవాలు కార్తీక బహుళ అష్టమి చుట్టూ జరుగుతాయి.

మెదక్ చర్చి

పోచారం నుంచి మెదక్ సుమారు 15 కిలోమీటర్లు. అక్కడి చర్చిని మెథడిస్టు పాస్టరు చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించాడు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో పనికి తిండి ఇచ్చి కట్టించారని మెదక్ వాళ్లు ఇప్పటికీ చెబుతారు. నమూనా గీసినది ఉత్తర ఇంగ్లండులోని బోల్టన్‌కు చెందిన బ్రాడ్‌షా, గాస్ అండ్ హోప్ సంస్థ. నూలు మిల్లులకు పేరుపడ్డ ఆ ఊరి వాస్తుశిల్పుల గీతలను మెదక్ కూలీలు రాళ్లుగా పేర్చారు. వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, 170 అడుగులు దాటిన గంట గోపురం. రంగుటద్దాల కిటికీలు మూడు. వాటి వెలుగు చూడాలంటే పగటి పూటే వెళ్లాలి.

రాకపోకలు

హైదరాబాద్ నుంచి కామారెడ్డి జాతీయ రహదారి మీద సుమారు 115 కిలోమీటర్లు. సికింద్రాబాద్–మన్మాడ్ రైలుమార్గంలో కామారెడ్డి స్టేషను ఉంది. ఎల్లారెడ్డికి రైలు లేదు. హైదరాబాద్ నుంచి నర్సాపూర్, మెదక్ మీదుగా ఎల్లారెడ్డి వచ్చే 765డి జాతీయ రహదారి పోచారానికి దగ్గరి దారి. అక్కన్నపేట–మెదక్ రైలు 2022 సెప్టెంబరులో మొదలయ్యాక మెదక్ దాకా రైల్లో రావచ్చు గాని రైళ్లు తక్కువ. సొంత బండి లేనివాళ్లు కామారెడ్డిలో దిగి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి బస్సెక్కడం మేలు. అక్కడి నుంచి పోచారానికో నిజాంసాగర్‌కో ఆటో మాట్లాడుకుంటే, వెనక్కి తెచ్చే మాట కూడా అప్పుడే తేల్చుకోవాలి. చీకటి పడ్డాక కట్టల మీద ఆటోలు దొరకవు.